అప్‌డేట్ తర్వాత వైఫై స్క్రిప్టు మూగబోతే

లినక్స్ ల్యాప్‌టాప్‌లో రాత్రి వైఫైని ఆపి ఉదయం తెరిచే స్క్రిప్టు, పెద్ద అప్‌డేట్ తర్వాత ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే, ముందుగా అందులో రాసిన ఇంటర్‌ఫేస్ పేరును, అంటే వైఫై కార్డుకు సిస్టమ్ పెట్టుకున్న పేరును, చూడాలి. 2013లో, లినక్స్‌లో సేవలను నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో వచ్చిన నామకరణ పద్ధతి వల్ల, మనకు అలవాటైన ‘డబ్ల్యూలాన్0’ అనే పేరు చాలా యంత్రాల్లో కార్డు అమరిన స్థానాన్ని బట్టి ‘డబ్ల్యూఎల్‌పీ3ఎస్0’ వంటిదిగా మారిపోయింది. నా పాత ల్యాప్‌టాప్‌లో స్క్రిప్టు ఆ లేని పేరునే రెండు వారాలు పిలుస్తూ కూర్చుంది.

కొత్త పేరును అతికించడం కంటే, పేరుతో పనిలేకుండా వైర్‌లెస్ పరికరాలను ఆపి తెరిచే ఆర్‌ఎఫ్‌కిల్ ఆదేశాన్ని వాడడమే మేలు. ‘బ్లాక్’ లేదా ‘అన్‌బ్లాక్’ అని రాసి, పక్కన ‘డబ్ల్యూలాన్’ అనే రకాన్ని చెబితే సరిపోతుంది. అంతకుముందు ‘లిస్ట్’ ఇచ్చి చూడండి: సాఫ్ట్ బ్లాక్‌ను (సాఫ్ట్‌వేర్ వేసిన అడ్డును) స్క్రిప్టు తొలగించగలదు గానీ, హార్డ్ బ్లాక్ ఎదురుగా ‘యెస్’ అని ఉంటే ల్యాప్‌టాప్‌పై ఉన్న స్విచ్చో, బయోస్ అమరికో మార్చనిదే ఏ ఆదేశమూ పనిచేయదు.

స్క్రిప్టు టెర్మినల్‌లో చక్కగా నడిచి, పనులను నిర్ణీత వేళకు నడిపే క్రాన్‌లో మాత్రం నడవకపోతే కారణం వేరు. డెబియన్, ఉబుంటులలో ఆర్‌ఎఫ్‌కిల్ ఉండేది ‘ఎస్‌బిన్’ ఫోల్డర్‌లో. యూజర్ క్రాన్ సాధారణంగా అక్కడ వెతకదు కాబట్టి, ఆదేశానికి పూర్తి పాత్ (అది ఉన్న ఫోల్డర్‌తో సహా) రాయాలి.