సున్తీ తర్వాత అతుక్కుపోయిన కట్టును విప్పే పద్ధతి

ముందోలు బిగుసుకుపోవడం వల్ల గాని, మరే కారణంతో గాని పెద్ద వయసులో సున్తీ చేయించుకున్నవారిలో చాలామందిని శస్త్రచికిత్స కంటే మొదటిసారి కట్టు విప్పడమే ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే రక్తం, రసి ఎండి గాజుగుడ్డ కుట్లకు అతుక్కుపోతుంది.

డాక్టరు కట్టు తీయమన్న రోజున అర లీటరు నీటిని మరిగించి, అందులో ఒక చదును టీస్పూను ఉప్పు కరిగించి, గోరువెచ్చగా అయ్యేదాకా చల్లారనివ్వాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ నీటిని కట్టుమీద కొద్దికొద్దిగా పోస్తూ పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచితే గుడ్డ దానంతట అదే వదులవుతుంది. ఎక్కడైనా పట్టేస్తే లాగకుండా మళ్లీ నీళ్లు పోయాలి. ఇక్కడ ఓపికే అసలు పని. తర్వాత మెత్తని గుడ్డతో అద్ది, కొత్త గాజుగుడ్డకు పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి వేస్తే మరుసటిసారి అంతగా అతుక్కోదు. ఆ నీటిలో డెట్టాలు కలపడం, గాయంపై పసుపు అద్దడం మంటను పెంచుతాయే తప్ప మేలు చేయవు.

స్టేప్లర్ పరికరంతో చేసిన సున్తీకి పిన్నులు, రింగు ఉంటాయి కనుక వాటిని ఇంట్లో కదిలించకూడదు. పది నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, చీము, జ్వరం కనిపించినా, మూత్రం రాకపోయినా ఈ పద్ధతితో కాలయాపన చేయక అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.