సిలిండర్ ఫోనోగ్రాఫుకు సరిపోయే విడిభాగాలు వెతకడం ఎలా

1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ మన పాటలను రికార్డు చేయడం మొదలుపెట్టిన నాటి నుండి, ఈ దేశంలో రికార్డుల వ్యాపారం ప్రధానంగా ప్లేటు రికార్డుల మీదే నడిచింది. అందువల్ల హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో గానీ, పాత సామాను అమ్మే దుకాణాలలో గానీ కనిపించే సౌండ్‌బాక్సులు (సూదిని పట్టుకుని పాట వినిపించే భాగాలు), స్ప్రింగులు, హార్న్‌లు దాదాపుగా గ్రామఫోనువే అయి ఉంటాయి. చూపుకు ఒకేలా ఉన్నంత మాత్రాన అవి గొట్టం ఆకారపు సిలిండర్ రికార్డులను వినిపించే ఫోనోగ్రాఫుకు పనికిరావు. ప్లేటు రికార్డులో గాడి పక్కలకు వంకరలు తిరిగితే, ఎడిసన్ సిలిండరులో గాడి లోతు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. గ్రామఫోన్ సౌండ్‌బాక్సును ఎలాగోలా అమర్చినా, దాని ఉక్కు సూది మైనపు సిలిండరును మొదటిసారికే గీసి పాడు చేస్తుంది.

కాబట్టి వెతకడానికి ముందు యంత్రం ఏదో ఖచ్చితంగా తేల్చుకోవాలి. ఎడిసన్ యంత్రమైతే ముందుభాగంలోని లోహపు పలకను మెత్తని గుడ్డతో తుడిచి, జెమ్, స్టాండర్డ్, హోమ్, ట్రయంఫ్, ఫైర్‌సైడ్ వంటి పేరును, మోడల్ అక్షరాన్ని, సీరియల్ నంబరును రాసుకోవాలి. పలక మీద వరుసగా కనిపించే పేటెంటు తేదీలు తయారీ సంవత్సరాన్ని చెప్పవు. ఆ యంత్రం చివరి తేదీ కంటే ముందు తయారు కాలేదని మాత్రమే వాటి నుండి గ్రహించాలి. ఒకే పేరున్న స్టాండర్డులో కూడా మోడల్ అక్షరం మారితే లోపలి భాగాలు మారవచ్చు గనుక, అమ్మకందారుతో మాట్లాడేటప్పుడు పేరు ఒక్కటే చెబితే చాలదు.

అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త కోరేది రిప్రొడ్యూసర్, అంటే మొనతో గాడిని తాకి పాటను వినిపించే భాగం. రెండు నిమిషాల సిలిండరులో అంగుళానికి 100 గాడులు ఉంటాయి. 1908లో వచ్చిన నాలుగు నిమిషాల అంబెరాల్ సిలిండరులో 200 ఉంటాయి. మోడల్ సి రిప్రొడ్యూసర్ మొదటి రకానికి, మోడల్ హెచ్ రెండవ రకానికి చెందినవి. మోడల్ కె‌లో తిప్పి మార్చుకునే రెండు మొనలుంటాయి. అయితే హెచ్ కొని పెట్టుకుంటే నాలుగు నిమిషాల పాట వినిపిస్తుందని అనుకోకూడదు. రిప్రొడ్యూసర్‌ను ముందుకు జరిపే ఫీడ్ స్క్రూ కూడా సగం వేగంతో తిరగాలి, అందుకు తగిన గేర్లు యంత్రంలో ఉండాలి. ఆ గేర్లు విడిగా కూడా అమ్ముడయ్యాయి గానీ, ఒక మోడల్‌కు చేసినవి మరొక మోడల్‌కు పట్టవు. ఇక వజ్రపు మొన ఉన్న డైమండ్ రిప్రొడ్యూసర్ 1912 నుండి వచ్చిన బ్లూ అంబెరాల్ సెల్యులాయిడ్ సిలిండర్లకే పరిమితం. దానిని మైనపు సిలిండర్ మీద ఎట్టి పరిస్థితిలోనూ దించరాదు. రిప్రొడ్యూసర్ కూర్చునే వలయం వ్యాసం కూడా అన్ని యంత్రాలలో ఒకటి కాదు గనుక, దానిని వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచి, ఆ కొలతతోనే ఆర్డరు పెట్టాలి.

పాత రిప్రొడ్యూసర్ చేతిలో ఉంటే మొత్తం మార్చే ముందు దానిని విప్పి చూడడం మేలు. మొన కదలికకు కంపించే పలుచని బిళ్ల అయిన డయాఫ్రమ్‌ను పట్టి ఉంచే రబ్బరు వాషర్లు గట్టిపడి పెళుసుబారడం వల్లనే చాలాసార్లు మోత, గరగర వస్తాయి. మన ఎండలకు రబ్బరు మరీ త్వరగా బిగుసుకుంటుంది. నీలమణి (సఫైర్) మొనను గడియారాల మెకానిక్ కంటికి పెట్టుకునే భూతద్దంలో చూస్తే అంచు విరిగిందో లేదో తెలుస్తుంది. విరిగి ఉంటే మొన ఒక్కటే మార్పించాలి.

స్క్రూల విషయంలో మన దగ్గర ఎక్కువ నష్టం జరుగుతోంది. అమెరికా యంత్రాల థ్రెడ్ అంగుళాల లెక్కలో ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికేది మిల్లీమీటర్ల లెక్కది. అంగుళానికి 40 చుట్లున్న రంధ్రంలో చుట్ల మధ్య దూరం 0.635 మిల్లీమీటర్లు కాగా, 3 మిల్లీమీటర్ల మామూలు స్క్రూలో అది 0.5 మాత్రమే. అటువంటి స్క్రూ ఒకటి రెండు చుట్లు తేలికగా దిగి, ఆ తరువాత బిగుస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అప్పుడు లోపలి థ్రెడ్ కోసుకుపోతూ ఉంటుంది. థ్రెడ్ గేజ్‌తో కొలిచి, వరంగల్‌లోనో కాజీపేటలోనో లేతు షాపులో రంధ్రానికి తగిన స్క్రూ చేయించుకోవాలే తప్ప, స్క్రూ కోసం రంధ్రాన్ని పెద్దది చేయించకూడదు.

యంత్రాన్ని నడిపే మెయిన్ స్ప్రింగుకు వెడల్పు, మందం, పొడవు, రెండు చివరల కొక్కెం లేదా రంధ్రం ఆకారం, ఈ నాలుగూ కలవాలి. బలం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మందం పదో వంతు పెరిగితే బలం దాదాపు మూడో వంతు పెరిగి గేర్ల పళ్ల మీద భారం పడుతుంది. చుట్టి ఉన్న స్ప్రింగు పూర్తిగా సడలక ముందు అది ఉండే డ్రమ్ము తెరిస్తే చేతికి తీవ్రమైన గాయమవుతుంది. అలవాటు లేనివారు ఆ పనిని అనుభవజ్ఞుడికి అప్పగించడమే మంచిది. వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ స్ప్రింగులలో ఒకటి విరిగినా అన్నింటినీ ఒకే మందంలో ఒకేసారి మార్చాలి.

స్థానికంగా చక్కగా కుదిరే పనులు కూడా ఉన్నాయి. తోలు బెల్టును చెప్పులు కుట్టేవారు చేసి ఇవ్వగలరు: పాత బెల్టు వెడల్పు, మందం చూపించి, దారంతో పుల్లీల చుట్టూ తీసిన పొడవు ఇచ్చి, రెండు చివరలనూ ఏటవాలుగా పలచగా చెక్కి అతికించమని చెప్పాలి. అతుకు మందంగా ఉంటే అది పుల్లీ మీదకు వచ్చిన ప్రతిసారీ పాట స్వరం ఊగుతుంది. నొక్కుకుపోయిన ఇత్తడి హార్న్‌ను పెంబర్తి లోహశిల్పులకు చూపించవచ్చు. రేకును సాగదీసి సరిచేయడంలో వారిది తరతరాల నేర్పు. మెరుగు మాత్రం పెట్టించవద్దు, పాత రంగు, గీతలు పోతే తిరిగి రావు.

మిగిలినవి అమెరికా, ఇంగ్లండులలోని ఫోనోగ్రాఫ్ మరమ్మతుదారుల నుండి తెప్పించుకోవాలి. మోడల్, సీరియల్ నంబర్లతో పాటు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు పంపి, సరిపోకపోతే వాపసు తీసుకుంటారో లేదో ముందే అడగాలి. జింకు మిశ్రమంతో పోత పోసిన పాత భాగమైతే, అంచులలో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో తెలిసేలా దగ్గరి ఫోటో కోరాలి. అటువంటి భాగాలు ఉబ్బి పొడిపొడిగా రాలిపోతాయి.

భాగం అమర్చాక మాండ్రెల్ (సిలిండరును తొడిగే, తిరిగే భాగం) చివర చిన్న కాగితపు ముక్క అంటించి తిప్పి చూడాలి. ఎడిసన్ అచ్చులో పోసిన సిలిండర్లకు నిమిషానికి 160 చుట్లు కావాలి, అంటే 15 సెకన్లలో 40. ఆ వేగం నిలకడగా వచ్చాక, ముందుగా పగుళ్లు లేని ఒక మామూలు సిలిండర్ మీద మొనను దించి, పాట అయ్యాక గాడిలో తెల్లని పొడి పడిందేమో భూతద్దంలో చూడాలి. పొడి కనిపిస్తే మొననూ, రిప్రొడ్యూసర్ బరువునూ మళ్లీ పరిశీలించే వరకు మంచి సిలిండర్లను పెట్టెలోనే ఉంచాలి.