రాక్షస గుమ్మడికి నేల గుడ్డ: ఎక్కడ పరవాలి, ఎక్కడ పరవకూడదు

మిన్నెసోటాలో మా ఇంటి వెనక సొర, బీర పాదులు పెట్టుకుని సంతోషంగానే ఉండేవాళ్లం. మా రాష్ట్రంలోనే అనోకా ఊరి ట్రావిస్ గింజర్ 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీకి 2,749 పౌండ్ల గుమ్మడికాయ తీసుకెళ్లారు. అంటే దాదాపు 1,247 కిలోలు, అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ వార్త చూశాక నాకూ పిచ్చి పట్టి అట్లాంటిక్ జెయింట్ అనే రాక్షస గుమ్మడి రకం గింజలు తెచ్చాను. మదనపల్లె దగ్గర టమోటా పెట్టే మా చిన్నాన్న ఫోన్‌లో, "షీటు మొత్తం పరిచెయ్‌రా, కలుపు బాధ ఉండదు" అన్నాడు. పరిచాను. ఆ ఏడాది కాయను మా ఆవిడ ఒక్కతే ఎత్తి వంటింట్లో పెట్టింది.

తప్పు చిన్నాన్నది కాదు. టమోటా మొక్క పెట్టిన కన్నంలోనే వేళ్లూనుతుంది, దానికి మల్చింగ్ షీటు చక్కగా సరిపోతుంది. గుమ్మడి లెక్క వేరు. దీనికి నేల గుడ్డతో, అంటే నేల మీద పరిచే షీటుతో, మూడు పనులుంటాయి: నాటే ముందు నేల వెచ్చబెట్టడం, కలుపు ఆపడం, కాయ కింద పరుపు కావడం. మూడింటికీ ఒకటే గుడ్డ వాడితే కింద చెప్పిన తిప్పలన్నీ వస్తాయి.

తీగ పాకుతోంది, కాయ మాత్రం ఊరడం లేదు

మొదలు దగ్గర నీళ్లు బాగానే పోస్తున్నారు, అయినా మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతున్నాయి. తీగను మెల్లగా ఎత్తి కణుపుల కింద చూడండి. తెల్లటి వేళ్లు గుడ్డ మీదే ఎండి నల్లబడి ఉంటే కారణం దొరికినట్టే. గుమ్మడి తీగ ప్రతి కణుపు దగ్గరా వేరు దించుతుంది. ఎదిగే రోజుల్లో పెద్ద కాయ రోజుకు ఇరవై కిలోల దాకా బరువు పెరుగుతుంది, అన్ని నీళ్లు మొదలు ఒక్కటే అందించలేదు. మనం గుడ్డ పరిచి మిగతా నోళ్లన్నీ కుట్టేశామన్నమాట.

గుడ్డను నడిచే దారుల్లోనే ఉంచండి. తీగ ఇంకా చేరని చోట కలుపు కోసం పరచుకోవచ్చు కానీ, తీగ కొస దగ్గరకొస్తుంటే చాప చుట్టినట్టు వెనక్కి చుట్టుకుంటూ పోవాలి. ఖాళీ అయిన నేలలో కణుపు కింద కొంచెం గుల్ల చేసి, పైన రెండు మూడు అంగుళాల తడి మట్టి కప్పండి. వేళ్లు ఇప్పటికే గుడ్డలోంచి కిందికి దిగి ఉంటే లాగొద్దు. ఆ ముక్క చుట్టూ కత్తిరించి అక్కడే వదిలేయండి, పంట అయ్యాక తీసుకోవచ్చు.

ఒక్క మినహాయింపు: కాయకు అటూ ఇటూ ఉన్న ఒకటి రెండు కణుపులను పాతిపెట్టకూడదు, అక్కడి వేళ్లు కత్తిరించాలి. కాయ ఎత్తు పెరిగేకొద్దీ తీగ కూడా పైకి లేవాలి కదా. వేళ్లు కింద పట్టి ఉంచితే ముచ్చిక దగ్గర పుటుక్కున తెగుతుంది.

కాయ అడుగున మెత్తబడింది, వాసన వస్తోంది

నాకు బాగా టెన్షన్ పెట్టింది ఇదే. చాలామంది పిందె కింద ప్లాస్టిక్ షీటో టార్పాలినో వేస్తారు. వాన నీళ్లు అందులో నిలుస్తాయి, కాయ బరువుకు గాలి ఆడదు, చర్మం కుళ్లుతుంది. చెక్క పలకలు వేస్తే సందుల గాట్లు కాయకు పడతాయి.

ఇక్కడి పోటీదారులు ఎక్కువగా వాడేది మిల్ ఫ్యాబ్రిక్, అంటే కాగితం మిల్లుల్లో తడి గుజ్జును మోసే బెల్టు గుడ్డ. నీళ్లు కిందికి దిగిపోతాయి, పైభాగం జారుడుగా ఉంటుంది. ఆ జారుడే ముఖ్యం. కాయ ఊరేటప్పుడు పక్కలకు జరుగుతుంది, గుడ్డ పట్టేస్తే ఆ ఒత్తిడంతా ముచ్చిక మీద పడుతుంది. నేల చదును చేసి, రెండు అంగుళాల ముతక ఇసుక పోసి, దానిమీద ఆరడుగుల చదరం గుడ్డ పరవండి. ఇదంతా పిందె ఫుట్‌బాల్ అంత కాకముందే అయిపోవాలి. తర్వాత దాన్ని కదిలించడం మన తరం కాదు.

ఆలస్యమై, కాయ అప్పటికే ప్లాస్టిక్ మీద కూర్చుందా? ఎత్తే సాహసం చేయకండి. బయటికి కనపడే ప్లాస్టిక్‌ను కాయ అంచు దాకా కత్తిరించేసి, పల్లం వైపు చిన్న కాలువ తీయండి. కుళ్లు ఆగుతుందని హామీ లేదు, నీళ్లు మాత్రం నిలవవు.

గుడ్డ మీద నీళ్లు, కింద పొడి మట్టి

ఒక చెంబు నీళ్లు పోసి చూడండి. ఇంకకుండా పక్కకు జారిపోతే గుడ్డ కన్నాలు బురదతో మూసుకుపోయినట్టే, చీపురుతో తుడిచి కడగాలి. అసలు పొడి నేల మీదే పరిచి ఉంటే ఎంత మంచి గుడ్డయినా లాభం లేదు. ముందు నేల బాగా తడిపి, డ్రిప్ పైపు వేసి, ఆ పైన గుడ్డ పరవాలి. కంపోస్టు, ఎరువు కూడా అప్పటికే కలిపి ఉండాలి.

తుంగ పొడుచుకొస్తోంది

పల్చటి షీటును తుంగ మొలక సూదిలా చీల్చుకొస్తుంది. గట్టిగా నేసిన వీడ్ మ్యాట్ (కలుపు ఆపే గుడ్డ) కొంత ఆపుతుంది. పరిచే ముందే గడ్డలతో సహా తవ్వి తీయడం మేలు.

తీగ కొసలు మాడుతున్నాయి

ఏప్రిల్‌లో నేలను వెచ్చబెట్టిన నల్ల షీటే జులైలో పెనంలా కాలుతుంది. చలి పోగానే తీసేయండి. దారుల్లో ఉన్న నల్ల గుడ్డ మీదికి తీగ వస్తుంటే గడ్డి కప్పండి.

అంచుల దారాలు ఊడి తీగకు చుట్టుకుంటున్నాయి

నేసిన గుడ్డను కత్తెరతో కోసి వదిలేస్తే ఇంతే. కోసిన అంచును లైటర్‌తో సన్నగా కరిగించండి, పరిచే ముందు, మొక్కలకు దూరంగా. అంచుల వెంట మూడడుగులకో యూ పిన్ను కొడితే గాలికి లేవదు.

గుడ్డ కింద నేల గుల్లగా, కాయ మీద పళ్ల గాట్లు

ఎలుక జాతి చేరింది. గుడ్డ కింద వెచ్చగా ఉంటుంది, పైన రాత్రీ పగలూ భోజనం. కాయ పరుపు వేసేటప్పుడే ఇసుక కింద సన్న కన్నాల ఇనుప వల పరవండి. చుట్టూ ఎత్తుగా గడ్డి పేర్చకండి. వారానికోసారి గుడ్డ అంచు ఎత్తి చూస్తే, అక్కడ దాక్కునే, గుమ్మడి రసం పీల్చే స్క్వాష్ బగ్ పురుగులు కూడా దొరికిపోతాయి.