స్లైడ్ స్కాన్ సరిగా రావట్లేదా? లోపం స్లైడుదో స్కానర్‌దో ముందు తేల్చుకోండి

షిప్‌యార్డులోనో, స్టీల్ ప్లాంటులోనో, ఆంధ్రా యూనివర్సిటీలోనో పనిచేసి రిటైరైన పెద్దవాళ్ళున్న ఇంట్లో అటక వెదికితే స్లైడ్ల డబ్బా ఒకటి బయటపడొచ్చు. రెండంగుళాల చదరపు మౌంటు, మధ్యలో 35 ఎంఎం ఫిల్ము ముక్క. ప్రొజెక్టరు ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. పిల్లలు ఫిల్మ్ స్కానర్ కొని తెస్తారు. మొదటి విడత స్లైడ్లు పెట్టగానే టెన్షన్ మొదలు: మచ్చలు, గీతలు, ఎర్రబడ్డ మొహాలు. తిట్లన్నీ స్కానర్‌కే పడతాయి. విశాఖలో మాత్రం చాలాసార్లు అసలు దోషి గాలిలోని తేమ.

అందుకే ఏ లోపం కనబడినా ముందు చిన్న పరీక్ష చేయండి. స్లైడును తలకిందులుగా తిప్పిపెట్టి మళ్ళీ స్కాన్ చేయండి. మచ్చ కూడా బొమ్మతో పాటే తిరిగిందా, అది స్లైడు మీద ఉంది. బొమ్మ తిరిగినా మచ్చ స్క్రీన్ మీద పాత చోటే ఉందా, అది స్కానర్‌లో ఉంది. ఈ సంగతి తేలకుండా సాఫ్ట్‌వేర్ సెట్టింగులు కెలకడం దండగ.

సాలెగూడు లాంటి సన్నని దారాలు, చుక్క చుట్టూ కొమ్మలు

ఇది బూజు. ఫిల్ము మీద రంగులను పట్టి ఉంచే పొర జెలటిన్. అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం కాబట్టి బూజుకు మంచి మేత. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పట్టడానికి అనువు. మన ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు తేమ అంతకంటే ఎక్కువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు నీళ్ళు చేరిన ఇళ్ళలో ఆ డబ్బాలను అందరికంటే ముందు తెరిచి చూడండి.

శుభ్రం చేయడానికి ముందు స్లైడును ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి స్కాన్ చేసి దాచుకోండి. తుడిచేటప్పుడు ఏదైనా తేడా జరిగినా ఆ కాపీ మిగులుతుంది.

తర్వాత లైటు కింద స్లైడును ఏటవాలుగా పట్టుకుని చూడండి. దారాలు పైపైన పొడిలా ఉంటే పోయే అవకాశం బాగానే ఉంది. ఆ చోట రంగే లేచిపోయి వెలుతురు సూటిగా వస్తోందంటే బూజు పొరను తినేసినట్టే. దాన్ని ఏ మందూ వెనక్కి తేలేదు, ఫొటో సాఫ్ట్‌వేర్‌లో చేత్తో పూడ్చుకోవాల్సిందే.

పైపైన ఉన్నదాన్ని తీయడానికి నీళ్ళు మాత్రం వాడొద్దు. బూజు పట్టిన జెలటిన్ నీటిలో కరిగే స్థితికి వస్తుంది. తడిగుడ్డ తగిలితే బూజుతో పాటు బొమ్మా ఊడివస్తుంది. నోటితో ఆవిరి ఊది చొక్కా అంచుతో తుడిచే అలవాటు కళ్ళజోడు వరకే ఉంచుకోండి. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ కూడా వద్దు, వాటిలో నీళ్ళు కలిసి ఉంటాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. మాస్కు, గ్లవ్స్ వేసుకుని వరండాలో, మంట దగ్గర లేకుండా చూసుకుని కూర్చోండి. ముందు చేత్తో నొక్కి గాలి ఊదే రబ్బరు బ్లోయర్‌తో పొడి ఎగరగొట్టి, దూది పుల్లను కొద్దిగా తడిపి మెరుపుగా ఉన్న వైపు ఒక మూల పరీక్షించండి. రంగు దూదికి అంటకపోతేనే ముందుకు వెళ్ళండి. రుద్దకుండా ఒకే దిక్కుకు లాగాలి. మసకగా ఉన్న వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న జెలటిన్ పొర ఉంటుంది, అక్కడ చెయ్యి ఇంకా తేలిగ్గా పడాలి. అట్ట మౌంటు తేమ పీల్చి బూజుకు నిలయమవుతుంది కనుక ఫిల్మును జాగ్రత్తగా బయటికి తీసి ప్లాస్టిక్ మౌంటులోకి మార్చడం మంచిది.

బాగు చేసినవాటిని మళ్ళీ అదే డబ్బాలో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్. రంగు మారిందంటే తీసి వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. కలరా ఉండలు వేయొద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కు పడదు. బూజు తుడిచే పని వానాకాలంలో కాకుండా డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకుంటే హాయి.

నల్లటి చిన్న చుక్కలు

దుమ్ము. స్లైడులో వెలుతురుకు అడ్డం పడుతుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. నెగటివ్ అయితే ఇదే దుమ్ము తెల్లగా వచ్చేది. పాతనగరం వైపు ఇళ్ళలో కిటికీ తీస్తే గచ్చు మీద చేరే నల్లపొడి సంగతి అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. అది గరుకుగా ఉంటుంది, గుడ్డతో తుడిస్తే ఫిల్ము మీద గీతలు పడతాయి. బ్లోయరే వాడండి. ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసి స్కాన్ చేయండి. ఉక్కపోస్తుంది, తప్పదు.

మిగిలినదాన్ని కొన్ని స్కానర్లలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ తీసేస్తుంది. రంగుల ఫిల్ములోని రంగులు ఇన్‌ఫ్రారెడ్ కాంతిని దాదాపు అడ్డుకోవు, దుమ్ము అడ్డుకుంటుంది. ఆ తేడాతో దుమ్ము ఎక్కడుందో స్కానర్ పట్టేస్తుంది. అయితే వెండి రేణువులతో ఏర్పడే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు దీన్ని ఆన్ చేస్తే బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. కోడాక్ కంపెనీ పాత స్లైడ్ ఫిల్ము కోడాక్రోమ్‌తోనూ కొంత పేచీ ఉంది, ముదురు చోట్ల వివరాలు నలిగిపోవచ్చు. కంప్యూటర్ అక్కర్లేకుండా మెమరీ కార్డులోకి తీసే చౌక డబ్బా స్కానర్లలో సాధారణంగా ఈ సదుపాయం ఉండదు. కొనేముందు చూసుకోవాల్సిన మొదటి విషయం నా దృష్టిలో ఇదే, మెగాపిక్సెళ్ళ లెక్క కాదు.

ప్రతి స్కాన్‌లోనూ ఒకే చోట నిలువు గీత

తిప్పినా కదలదు, అంటే స్కానర్‌దే. ఆన్ అయ్యేటప్పుడు సెన్సరు తనను తాను సరిచూసుకుంటుంది. ఆ దారిలో దుమ్మున్నా, హోల్డరు అడ్డమున్నా గీత పడుతుంది. ఆపేసి, హోల్డరు బయటికి తీసి, బ్లోయర్‌తో ఊది, ఖాళీగా ఆన్ చేయండి. ఫ్లాట్‌బెడ్ (కాగితాలు కూడా పెట్టే బల్లపరుపు గాజు స్కానర్) అయితే హోల్డరు పైభాగంలో సరిచూసుకోవడానికి వదిలిన ఖాళీ మీద ఏమీ లేకుండా చూడండి.

వెలుతురు చోట్ల పొగ కమ్మినట్టు

మౌంటు అంచు చూడండి. అది శుద్ధ నల్లగా ఉండాలి. ఆకాశం తెలుపు ఆ నలుపులోకి పొంగి వస్తుంటే స్కానర్ లోపలి అద్దం మీదో లెన్సు మీదో పొర కట్టింది. ఏసీ గదిలో చల్లబడిన స్కానర్‌ను హాల్లోకి తెస్తే లోపల చెమ్మ చేరుతుంది. ఒక పూట అక్కడే వదిలేసి తర్వాత ఆన్ చేయండి. అప్పటికీ పోకపోతే అది దుమ్ము పొర. అద్దం పూత చాలా నాజూకు, తెలిసినవాళ్ళ చేత తుడిపించండి. పని లేనప్పుడు కవరు కప్పి ఉంచండి.

మధ్యలో స్పష్టం, అంచుల్లో మసక

ఫిల్ము వంగింది. అట్ట మౌంట్లలో ఇది మామూలే. ఆటోఫోకస్ ఉన్న స్కానర్‌లో ఫోకస్ చుక్కను సరిగ్గా నడుమ కాకుండా నడుముకూ అంచుకూ మధ్యలో పెడితే రెండు వైపులా కొంత సర్దుకుంటుంది. ఫోకస్ మార్చలేని స్కానర్ అయితే గట్టిగా పట్టి ఉంచే మౌంటుకు మార్చాలి. గాజు మౌంట్లలో ఫిల్ము చదునుగానే ఉంటుంది గానీ గాజుకు ఆనిన చోట ఇంద్రధనుస్సు రంగుల వలయాలు వస్తాయి. వాటిని న్యూటన్ వలయాలంటారు. వాటికి మందు గాజు తీసేయడమో, ఈ వలయాలు రాకుండా చేసిన యాంటీ న్యూటన్ గాజు వాడడమో.

అంతా ఎర్రగా, లేదా నీలంగా

ఎరుపు వచ్చిందంటే చాలావరకు ఫిల్ములోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు వెలిసిపోయినట్టు. వేడి, తేమ దాన్ని తొందర చేస్తాయి. ఒక్కో రంగుకు 16 బిట్ చొప్పున, అంటే మొత్తం 48 బిట్‌లో స్కాన్ చేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్ళ లెవెల్స్‌ను విడివిడిగా సరిచేయండి. నీలం కమ్మితే మౌంటు మీద పేరు చదవండి. 1935 నుంచి 2009 దాకా తయారైన కోడాక్రోమ్ అయితే సాఫ్ట్‌వేర్‌లో దానికి ఉన్న ప్రత్యేక సెట్టింగు ఎంచుకోండి, చాలా స్కానర్లలో అది మామూలు సెట్టింగుతో నీలంగానే వస్తుంది.

ఆటో కలర్ బటన్ మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆర్కే బీచ్ సూర్యోదయాన్ని మిట్టమధ్యాహ్నం చేసేస్తుంది.

అక్షరాలు తిరగబడ్డాయి

స్లైడు వెనకా ముందూ మారింది. బోర్డులు లేని ఫొటో అయితే ఊరే సాక్ష్యం చెబుతుంది: ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తే సముద్రం ఎడమ చేతివైపు ఉండాలి.

నీడల్లో ఇసుక చల్లినట్టు

బొర్రా గుహల్లో తీసిన స్లైడ్లలాంటివి మరీ ముదురుగా ఉంటాయి, వెలుతురు చాలదు. మల్టీ ఎక్స్‌పోజర్ (ఒకే స్లైడును వేర్వేరు వెలుతురుతో ఒకటికి మించి స్కాన్ చేసి కలిపే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి. స్కాన్ ఆలస్యమవుతుంది గానీ ఫలితం కనిపిస్తుంది.

డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన

ఎసిటేట్ ఫిల్ము చెడిపోతోంది. ఇది ఆగదు, పక్కవాటినీ తొందర చేస్తుంది. వేరుచేసి, అన్నిటికంటే ముందు వీటినే స్కాన్ చేయండి.

ఫైళ్ళు మరీ పెద్దవి, డిస్కు నిండిపోతోంది

7200 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు) అని పెట్టె మీద రాసి ఉంటే అంతా వాడాలని లేదు. ఆ సెట్టింగులో 48 బిట్ టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు) ఒక్కోటి 400 ఎంబీ దాటుతుంది. ఇంట్లో వాడే స్కానర్లు నిజంగా పట్టే వివరం అందులో సగం చుట్టుపక్కలే. 3600లో అయితే 100 ఎంబీ, సుమారు 17 మెగాపిక్సెళ్ళు, పెద్ద ప్రింటుకు కూడా సరిపోతాయి. బాగా వచ్చినవి టిఫ్‌లో, మిగతావి జేపెగ్‌లో దాచుకోండి. మౌంటు మీద పెద్దవాళ్ళు పెన్నుతో రాసిన నంబరు, ఊరు, సంవత్సరం ఉంటే ఫైలు పేరుగా అదే పెట్టండి. రెండో హార్డ్ డిస్కులోకి ఇంకో కాపీ తీసి, వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి పంపండి.