మోకాలి లిగమెంట్ తెగితే ఆపరేషనా, వ్యాయామమా: మా ఇంట్లో రెండూ జరిగాయి

నేను రామంతాపూర్ దగ్గర ఒక బడిలో పీఈటీని. 2019 జులైలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తూ, రైడ్ నుంచి వెనక్కి తిరగబోయి ఎడమ మోకాలు మెలిపడి కూలబడ్డాను. లోపల టప్‌మన్న చప్పుడు పక్కనున్న పిల్లకు కూడా వినబడింది. సాయంత్రానికి మోకాలు బోండాంలా ఉబ్బింది. నాలుగేళ్ల తర్వాత, 2023లో, మా తమ్ముడు నాగోల్‌లో బాక్స్ క్రికెట్ ఆడుతూ కుడి మోకాలికి ఇదే తెచ్చుకున్నాడు. ఇద్దరి ఎంఆర్ఐ రిపోర్టుల్లోనూ ఒకటే మాట: ఏసీఎల్ పూర్తిగా తెగింది. మోకాలి మధ్యలో ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలాంటి లిగమెంట్ అది. నేను ఆపరేషన్ చేయించుకోలేదు, వాడు చేయించుకున్నాడు. రెండూ సరైన నిర్ణయాలే. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఎలా తేల్చుకోవాలో మా ఇద్దరి మోకాళ్లనే ముందు పెట్టుకుని చెబుతాను.

మొదటి పది రోజులు

దెబ్బ తగిలిన వారంలోనే ఆపరేషన్ సంగతి తేల్చేయకండి. చాలామందికి అంత తొందర ఉండదు. తొందరపడాల్సిన సందర్భాలు రెండున్నాయి. బండి మీద నుంచి పడి మోకాలు కీలు తప్పినా, పాదం చల్లబడి పాలిపోయినా, తిమ్మిరెక్కినా రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు గంటలు లెక్క, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. రెండోది, మోకాలు వంగినచోటే ఇరుక్కుపోయి ఎంత ప్రయత్నించినా చాపలేకపోవడం. లోపలి మెత్తలాంటి మినిస్కస్ చిరిగి, ఆ ముక్క అడ్డం పడితే ఇలా అవుతుంది. కొద్ది రోజుల్లోనే సర్జన్ చూడాలి.

ఈ రెండూ కాకపోతే గుడ్డలో చుట్టిన ఐస్ పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. రెండు మూడు గంటల్లోనే బాగా వాచిందంటే కీలులో రక్తం చేరిందని అర్థం, లోపల ఏదో తెగి ఉండే అవకాశం ఎక్కువ. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తెలుస్తుంది తప్ప లిగమెంట్ కనబడదు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారు" అని నడిచేసేవాళ్లను చాలామందిని చూశాను. డాక్టర్ మోకాలిని కొద్దిగా వంచి పిక్కను ముందుకు లాగి చూసే పరీక్ష చాలా విషయం చెబుతుంది. వాపు, నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు అది సరిగా తేలకపోవచ్చు. అందుకే వారం పది రోజులకు మళ్లీ చూపించుకోవాలి.

నేను చేసిన పొరపాటు చెప్పాలి. మా మేనత్త పట్టుబట్టి కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వాపు మీదే నూనె రాసి గట్టిగా నలిపి, వెదురుబద్దలు పెట్టి పది రోజులకు బిగించేశారు. విప్పేసరికి తొడ కండ చిక్కిపోయింది, మోకాలు నిటారుగా చాపలేకపోయాను. పైగా అమ్మ ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెట్టేది. దిండు ఉంటే హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంపులోనే బిగుసుకుపోతుంది. చుట్టిన తువ్వాలు పెట్టాల్సింది మడమ కింద. మోకాలు దానంతట అదే కిందికి దిగి చాపుకుంటుంది. నాకు పోయిన ఆ కొద్దిపాటి చాపు తిరిగి రావడానికి ఐదు వారాలు పట్టింది.

ఏ లిగమెంట్ అన్నదే సగం జవాబు

మోకాలిలో ముఖ్యమైన లిగమెంట్లు నాలుగు. లోపలి పక్కన ఉండే ఎంసీఎల్ ఒక్కటే తెగితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. నాకు ఏసీఎల్‌తో పాటు అదీ సగం చిరిగింది. పక్కలకు కదలనివ్వని, ముందుకూ వెనక్కూ వంగనిచ్చే బ్రేస్ ఆరు వారాలు వేసుకుంటే అతుక్కుంది. వెనకవైపు పీసీఎల్ కూడా పాక్షికంగా చిరిగితే వ్యాయామంతో నెట్టుకొస్తారు. బయటి పక్కది పూర్తిగా తెగితేనో, రెండు మూడు కలిసి పూర్తిగా తెగితేనో మాత్రం సాధారణంగా సర్జన్ చేతుల్లోకే వెళ్తుంది.

చిక్కంతా ఏసీఎల్‌తోనే. అది కీలు మధ్యలో, కీలు ద్రవంలో ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు కాబట్టి అతుకు పడటం కష్టం. కొందరికి అతుక్కుంటుంది గానీ దాన్ని నమ్ముకోలేం. ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టేయడం అనుకుంటారు చాలామంది. మామూలుగా చేసేది అది కాదు. మీ తొడ వెనక నుంచో, చిప్ప కింది నుంచో, చీలమండ పక్క నుంచో ఒక స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటిది) తీసి, తొడ ఎముకలో, కాలి ఎముకలో సొరంగాలు తొలిచి, కొత్త లిగమెంట్‌గా బిగిస్తారు.

మోకాలు జారుతోందా?

నన్ను చూసిన డాక్టర్ ఆపరేషన్ మాట ఎత్తకముందు ఒక కాగితం ఇచ్చి, ఈ మోకాలితో నాకు ఏం పనులు కావాలో రాయమన్నారు. బడిలో రెండో అంతస్తు మెట్లు, పిల్లలకు డ్రిల్ చేసి చూపించడం, బతుకమ్మ ఆడటం అని రాశాను. మళ్లీ కబడ్డీ మ్యాచ్ ఆడాలని రాయలేదు, అప్పటికే నాకు 38 ఏళ్లు. "మూడు నెలలు గట్టిగా ఫిజియో చేయండి. మోకాలు జారిన ప్రతిసారీ తేదీ వేసి రాయండి. జారుతూ ఉంటే ఆపరేషన్, లేకపోతే వద్దు" అన్నారు. నాకు రెండో నెలలో ఒక్కసారి, వాన నీళ్లలో కాలు తిప్పినప్పుడు జారింది. ఆ తర్వాత లేదు.

తమ్ముడు ఏసీ మెకానిక్. అపార్ట్‌మెంట్ల గోడలకు నిచ్చెన వేసి ఎక్కడం వాడి పని. వాడూ మొదట ఫిజియోనే చేశాడు, నాలాగే. ఐదు నెలల్లో నాలుగుసార్లు జారింది: రెండుసార్లు నాగోల్ మెట్రో మెట్ల మీద, ఒకసారి బాత్రూంలో, ఒకసారి కొండాపూర్‌లో నిచ్చెన మీద. ఆ నాలుగోది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. జారిన ప్రతిసారీ ఎముకలు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుని మినిస్కస్ నలుగుతుంది. రెండో ఎంఆర్ఐలో వాడి మినిస్కస్ చిరిగినట్టు తేలింది. ఇక ఆపరేషన్ వాయిదా వేయడంలో అర్థం లేదు.

మా ఇద్దరికీ వేర్వేరు జవాబులు ఎందుకు వచ్చాయో పరిశోధనలూ చెబుతున్నాయి. స్వీడన్‌లో కొత్తగా ఏసీఎల్ తెగిన 121 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకు ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. 2010లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్లకు రెండు జట్ల మోకాళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి. వ్యాయామం జట్టులో ఐదేళ్లకు సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి అవసరమే పడలేదు. 2022లో బ్రిటన్ నుంచి వచ్చిన ఫలితం వేరు. అక్కడ తీసుకున్నది అప్పుడే తెగినవాళ్లను కాదు, తెగి చాలాకాలమైనా మోకాలు నిలవక ఇబ్బంది పడుతున్న 316 మందిని. మోకాలు ఎంత బాగుందన్న లెక్కలో ఆపరేషన్ జట్టుకు నూటికి 73 మార్కులు, వ్యాయామం జట్టుకు 64.6 వచ్చాయి. నేను స్వీడన్ లెక్కలోకి వస్తాను, తమ్ముడు బ్రిటన్ లెక్కలోకి.

ఒకటి మాత్రం రెండు దారుల్లోనూ తప్పదు. ఏసీఎల్ తెగిన మోకాలికి ముందు ముందు కీలు అరుగుదల వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ చేయిస్తే అరుగుదల రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఆపరేషన్ లేని దారి

ఇది ఊరికే విశ్రాంతి కాదు, ఉద్యోగంలా చేయాల్సిన పని. మొదట తొడ ముందు కండ బిగించి పదివరకు లెక్కపెట్టడం, మడమ జరుపుతూ మోకాలు వంచడం. తర్వాత కాలు వంగకుండా నిటారుగా ఎత్తడం, నడుము ఎత్తే బ్రిడ్జి, గోడకు ఆనుకుని కొద్దిగా కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, చివరికి ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవడం. ఈ చివరివే మోకాలికి జారకుండా నిలబడటం నేర్పుతాయి. చాలామంది నొప్పి తగ్గగానే వీటికి రాకముందే మానేసి, "ఫిజియో పనిచేయలేదు" అంటారు. నేను 36 సార్లు వెళ్లాను, సారికి 400 చొప్పున 14,400 అయింది. మిగతా రోజులు ఇంట్లో చేసుకున్నాను. ఆ ఏడు బతుకమ్మ చుట్టూ తిరగలేదు, కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాను. నేను వదులుకున్నది ఒక్కటే, పరుగులో ఉన్నట్టుండి తిరిగే ఆటలు. మీరు ఫుట్‌బాల్, కబడ్డీ, బాడ్మింటన్ వదులుకోలేని వయసులో ఉంటే ఈ దారి మీకు ఇరుకుగా ఉంటుంది.

ఆపరేషన్ దారి

"ఆపరేషన్ చేపిచ్చుకుంటే అయిపోతది గదక్కా, రిషబ్ పంత్ ఆడబోతుండు గద" అన్నాడు తమ్ముడు. నెలలు లెక్కపెట్టి చెప్పాను. పంత్‌కు ప్రమాదం 2022 డిసెంబర్ 30న. మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్ 2023 జనవరిలో. అప్పటికి ఏడాది కావస్తున్నా ఇంకా మైదానంలోకి దిగలేదు, అదీ రోజంతా ఫిజియోలు పక్కనే ఉంటే. (చివరికి 2024 మార్చిలో ఐపీఎల్‌లో దిగాడు, దాదాపు పదిహేను నెలలకు.) మా తమ్ముడికి ఉండేది నేనొక్కదాన్నే.

ఆపరేషన్‌కు వెళ్లేముందు మోకాలు పూర్తిగా చాపగలగాలి, వాపు దిగాలి, కాలు వంగకుండా ఎత్తగలగాలి. బిగుసుకున్న మోకాలితో వెళ్తే బిగుసుకున్న మోకాలితోనే బయటికొస్తారు. సర్జన్‌ను ఇవి అడగండి: స్నాయువు ఎక్కడి నుంచి తీస్తారు? మినిస్కస్ కుడతారా, ముక్క తీసేస్తారా? కుట్టగలిగితే కుట్టడమే మేలు. ప్యాకేజీలో కొత్త లిగమెంట్‌ను బిగించే స్క్రూలు, బటన్ల ధర కలిసి ఉందా? ఫిజియో ఖర్చు బీమా ఎన్నాళ్లు ఇస్తుంది? జవాబులు అర్థం కాకపోతే గాంధీలోనో, ఉస్మానియాలోనో, నిమ్స్‌లోనో ఆర్థో ఓపీకి వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోండి. ఒక పూట పోతుంది, అంతే. తమ్ముడికి మొత్తం 1,85,000 అయింది, పైగా నాలుగు నెలలు నిచ్చెన పని లేదు. ఆ పోయిన జీతాన్ని ఖర్చులో రాసుకోవడం ఎవరూ గుర్తుచేయరు.

వాడికి కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న చిన్న రంధ్రాల్లోంచి చేశారు. మర్నాడే కర్రలతో నిలబెట్టారు. మినిస్కస్ కుట్టారు కాబట్టి ఆరు వారాలు 90 డిగ్రీలు దాటి వంచొద్దన్నారు. కింద కూర్చోవడం, మామూలు లెట్రిన్ బంద్. కుట్టు పక్కన చర్మం మొద్దుబారింది, అది చాలామందికి అవుతుంది. పిక్క వాచి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, కుట్టు కారినా, ఊపిరి ఆడకపోయినా ఒక్క రాత్రి కూడా ఆగకుండా వెళ్లాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది రెండో మూడో నెలకి. నొప్పి ఉండదు, నడక బాగుంటుంది, లోపల కొత్త స్నాయువు మాత్రం అప్పుడే అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. దానికి కొత్తగా రక్తం అంది, లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది. వాడు పదో వారంలో ఎవరికీ చెప్పకుండా బ్యాట్ పట్టుకుని కిందికి దిగితే చేయి పట్టుకుని లాక్కొచ్చాను.

తొమ్మిది నెలలలోపు ఆట మాట ఎత్తనివ్వలేదు. తొమ్మిది నిండాక కూడా క్యాలెండర్ చూసి కాదు, కాలు చూసి పంపాలి. మేడ మీద సుద్దముక్కతో గీత గీసి ఒంటికాలితో దూకించాను. మంచి కాలితో 150 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలితో 128. అంటే 85 శాతం. ఫిజియో అడిగింది కనీసం 90. ఇంకో నెల మెట్లు, స్క్వాట్లు చేయించి మళ్లీ దూకిస్తే 138 వచ్చింది. అప్పుడు బ్యాట్ తీసి ఇచ్చాను.