వార్ఫ్ నది ఒడ్డున నడిచేవాళ్లకు

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ వైపు వెళ్తే, బోల్టన్ అబ్బే దగ్గర వార్ఫ్ నది దాటడానికి వరసగా రాళ్లు పాతి ఉంటాయి. నీళ్లు తక్కువున్నప్పుడు పిల్లలు కూడా గెంతుకుంటూ పోతారు. పైకొండల్లో రాత్రి గట్టి వాన పడిందా, పొద్దున్నకి రాళ్లు మునిగిపోతాయి. పక్కనే వంతెన ఉంది, మొహమాటపడకుండా దాని మీద వెళ్లండి. నీళ్లు డికాషన్ రంగులో కనిపిస్తే కంగారు వద్దు, అది కొండ మీది పీట్ (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన) నేల రంగు.

అసలు జాగ్రత్త ఇదే నది మీద స్ట్రిడ్ అనే ఇరుకు చోటు దగ్గర. అంత నదీ రెండు మీటర్ల సందులోకి దూరుతుంది, ఒక్క గెంతు చాలనిపిస్తుంది. అస్సలు వద్దు! రాళ్లు నాచుతో జారతాయి, నీళ్ల కింద ఒడ్డు లోపలికి తొలుచుకుపోయి ఉంటుంది. ఈతొచ్చినా లాభం లేదు.

లోయల్లో సిగ్నల్ పోతుంది. బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ కాగితంది ఒకటి సంచిలో పడేసుకోండి. అందులో 4 సెంటీమీటర్లంటే 1 కిలోమీటరు, ఆకుపచ్చ చుక్కగీతలు నడకదారులు. యూకే సిమ్ ఉంటే ఇంట్లోనే అక్కడి అత్యవసర నంబరు 999కి ‘రిజిస్టర్’ అని ఇంగ్లీషులో మెసేజ్ కొట్టి, వచ్చిన జవాబుకి ‘యెస్’ చెప్పండి. కాల్ కలవని చోట ఆ నంబరుకి మెసేజైనా పంపొచ్చు.