పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ: ఎలుగుబంటి గుహ దగ్గర ఆట వదిలేయకుండా ఉండాలంటే

గిల్డెడ్ వేల్ అనే ఊరి పక్కనున్న అడవిలో ఒక గుహ ఉంటుంది, అందులో ఎలుగుబంటి. పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ అనే ఈ కంప్యూటర్ ఆట రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఆ గుహ దగ్గరే మానేశాను. మొదటిసారి ఒక్కడినే వెళ్లాను, రెండోసారి ఒకడిని తోడు పెట్టుకుని వెళ్లాను, రెండుసార్లూ అది చీల్చి అవతల పారేసింది. ల్యాప్‌టాప్ మూసేసి ఇది మన వల్ల అయ్యే ఆట కాదులే అనుకున్నాను. మూడోసారి చివరిదాకా ఆడాను. ఈలోపు నా చేతివేగమేమీ పెరగలేదు, ఆటని ఆపుతూ ఆడటం నేర్చుకున్నాను, అంతే.

బాల్డర్స్ గేట్ 3 అనే ఆట పూర్తిచేసి, ఇలాంటివి ఇంకేమున్నాయా అని వెతుకుతూ దీన్ని కొన్నవాళ్ల కోసం ముఖ్యంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ తన్నులు తినేది వాళ్లే. అందులో వంతులవారీగా కొట్టుకుంటారు, మీరు లేచెళ్లి టీ పెట్టుకుని వచ్చినా శత్రువు బుద్ధిగా నిలబడి ఉంటాడు. ఇందులో అందరూ ఒకేసారి కదులుతారు, ఆపాల్సింది మీరు. ఈ పద్ధతి 1998లో వచ్చిన మొదటి బాల్డర్స్ గేట్ నాటిది. ప్లేన్‌స్కేప్ టార్మెంట్, ఐస్‌విండ్ డేల్, బాల్డర్స్ గేట్ 2 కూడా అదే ఇంజిన్ (ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) మీద, అదే ఏటవాలు చూపుతో వచ్చాయి, మేడ మీద నిలబడి వీధిలో జనాన్ని చూసినట్టు. తర్వాత పెద్ద కంపెనీలు 3డీ వైపు వెళ్లిపోయి వీటిని పక్కన పెట్టేశాయి. 2012లో అబ్సీడియన్ అనే కంపెనీ కిక్‌స్టార్టర్ అనే చందాల సైట్‌లో నేరుగా ఆటగాళ్లనే డబ్బు అడిగింది, 11 లక్షల డాలర్లు చాలంటే దాదాపు 40 లక్షలు వచ్చాయి. ఆ డబ్బుతో మొదలై 2015 మార్చిలో బయటికొచ్చిన ఆట ఇది. దర్శకుడు జాష్ సాయర్ అంతకుముందు ఐస్‌విండ్ డేల్ మీద పనిచేసినవాడే, అందుకే పాత ఆటల మంచి అలవాట్లతో పాటు చిరాకు పెట్టే అలవాట్లు కూడా కొన్ని ఇందులోకి వచ్చేశాయి.

ఆట మొదలుపెట్టగానే చేయాల్సిన మొదటి పని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటో పాజ్ చూసుకోవడం. ఎప్పుడెప్పుడు ఆట దానంతట అదే ఆగాలో అక్కడ టిక్ పెట్టుకోవచ్చు. యుద్ధం మొదలైనప్పుడు, శత్రువు కంటపడినప్పుడు, మనవాళ్లలో ఒకడు పడిపోయినప్పుడు, ఉచ్చు కనిపించినప్పుడు, ఈ నాలుగూ పెట్టండి. మిగతావన్నీ కూడా పెట్టేస్తే రెండడుగులకోసారి ఆగి పిచ్చెక్కిస్తుంది. ఆ తర్వాత స్పేస్ బార్. ఒక చేతి బొటనవేలు దాని మీదే ఉండాలి. రెండు మూడు సెకన్లు ఆడించి, ఆపి, మీ బృందంలోని ఆరుగురూ ఏం చేస్తున్నారో చూసి, ఆదేశాలిచ్చి, మళ్లీ వదలాలి. ఇలా ఆపుతూ ఆడటం మోసమేమో అనే ఫీలింగ్ నాకు చాలాకాలం ఉండేది, ఆపకుండా గెలిస్తేనే గెలిచినట్టు అని ఒక పిచ్చి పౌరుషం. ఆట తయారుచేసిందే అలా ఆడటానికి. స్లో మోషన్ మీట కూడా ఉంది, కొత్తలో అది కూడా వాడండి, ఎవరూ చూడరు.

కష్టం స్థాయి దగ్గర అహంకారం వద్దు. ఈజీతో మొదలుపెట్టండి, లేదా కథ మాత్రమే కావాలనుకుంటే స్టోరీ టైమ్ ఉంది. హార్డ్, పాత్ ఆఫ్ ది డామ్డ్ రెండోసారి ఆడేవాళ్లవి. ట్రయల్ ఆఫ్ ఐరన్ అనే టిక్ ఒకటి కనిపిస్తుంది, దాన్ని పొరపాటున కూడా ముట్టుకోకండి, మొత్తం ఆటకి ఒకటే సేవ్ ఫైల్ ఉంటుంది, మీ బృందం మొత్తం చస్తే అదీ పోతుంది.

ఇక పాత్ర తయారీ. పదకొండు క్లాసులు (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తులు), ఆరు గుణాలు, బోలెడన్ని జాతులు చూసి కంగారుపడి గంటసేపు నెట్‌లో బిల్డ్‌లు, అంటే రెడీమేడ్ పాత్ర తయారీ పద్ధతులు, వెతుక్కుంటూ కూర్చోకండి (నేను కూర్చున్నాను, మొదటిసారి ఆట కన్నా ఆ వెతుకులాటే ఎక్కువసేపు సాగింది). పాత ఆటల్లో మాంత్రికుడికి కండబలం దండగ, యోధుడికి తెలివి దండగ. ఇక్కడ అలా కాదు. మైట్ అనే గుణం కత్తి దెబ్బనే కాదు, మంత్రం దెబ్బనీ, వైద్యాన్నీ కూడా పెంచుతుంది, పదికి పైన ఒక్కో పాయింటుకీ 3 శాతం చొప్పున. డెక్స్టెరిటీ పెంచితే పని వేగంగా జరుగుతుంది, ఇంటెలెక్ట్ పెంచితే మంత్రం ఎక్కువసేపు, ఎక్కువ మేర పనిచేస్తుంది. అందుకని పూర్తిగా పాడైపోయిన పాత్ర తయారుచేయడం ఈ ఆటలో కష్టమే. మాటల్లో కొత్త దారులు తెరవాలంటే మాత్రం పర్సెప్షన్ (గమనించే శక్తి), ఇంటెలెక్ట్, రిజాల్వ్ (పట్టుదల) కాస్త ఉండాలి.

ఏ క్లాసని అడిగితే కొత్తవాళ్లకి నేను సైఫర్ అంటాను. మాంత్రికుడి మంత్రాలు లెక్కకి ఇన్ని అని ఉంటాయి, అయిపోతే నిద్రపోయి లేచేదాకా రావు. సైఫర్‌కి ఆ గోల లేదు, ఆయుధంతో కొడుతున్నకొద్దీ ఫోకస్ పోగవుతుంది, దాన్ని ఖర్చుపెట్టి శత్రువుల మనసులతో ఆడుకోవచ్చు. పైగా ఈ కథంతా ఆత్మల చుట్టూ తిరుగుతుంది, డైర్‌వుడ్ అనే దేశంలో పిల్లలు ఆత్మ లేకుండా పుడుతుంటారు, మీ పాత్రకేమో పక్కవాళ్ల గత జన్మలు కనిపిస్తుంటాయి. ఆ కథకి సైఫర్ అతికినట్టు సరిపోతాడు. కొట్టడం తప్ప వేరే తలనొప్పి వద్దనుకుంటే ఫైటర్ తీసుకోండి, కానీ దొరికే మొదటి స్నేహితుల్లో ఒకడు ఎలాగూ ఫైటరే.

ఆ స్నేహితుల సంగతి. ప్రారంభంలో మీతో ఉండే ఇద్దరినీ చూసి బృందం తయారైందని మురిసిపోవద్దు, వాళ్లు ఎంతోసేపు ఉండరు. గిల్డెడ్ వేల్‌లో శవాలు వేలాడుతున్న పెద్ద చెట్టొకటి ఉంటుంది, దాని దగ్గర ఎడేర్ నిలబడి ఉంటాడు. సత్రం బయట ఊరివాళ్లతో గొడవపడుతూ ఆలోత్ కనిపిస్తాడు. మొదటివాడు డాలు పట్టే యోధుడు, రెండోవాడు మాంత్రికుడు. ఇద్దరితోనూ మాట్లాడి, కలుపుకుని, ఆ తర్వాతే ఊరు దాటండి. మాగ్రాన్స్ ఫోర్క్ అనే కూడలిలో డ్యూరాన్స్ అని ఒక పూజారి ఉంటాడు, నోరు విప్పితే తిట్లే, అయినా వైద్యం కావాలంటే అతనే దిక్కు. అక్కడినుంచి కేడ్ నువా కోట దాకా వెళ్తే బయట కానా రువా దొరుకుతాడు. ఇంకా మనుషులు కావాలంటే సత్రంలో డబ్బిచ్చి మీరే కొత్త పాత్రని తయారుచేసుకోవచ్చు, కాకపోతే వాళ్లు మూగవాళ్లలా ఉంటారు, వాళ్లకంటూ కథ ఉండదు. మొత్తం ఆరుగురు. నలుగురన్నా కాకముందు పెద్ద యుద్ధాల జోలికి పోకండి.

ఇప్పుడు అసలైన చోటు, యుద్ధం. ఎడేర్‌ని తలుపు మధ్యలో నిలబెట్టి మిగతావాళ్లని వెనక ఉంచడం అన్నిటికన్నా పాత చిట్కా, సగం ఆట దాంతోనే నడుస్తుంది. శత్రువు ఎడేర్‌కి దగ్గరగా వచ్చాడంటే ఇద్దరూ పట్టుబడ్డట్టే, వదిలించుకుని పక్కకి పోబోతే వెనకనుంచి ఉచితంగా ఒక దెబ్బ తగులుతుంది. ఆ నియమం మీకూ వర్తిస్తుంది. దెబ్బలు తింటున్న ఆలోత్‌ని కంగారుగా వెనక్కి పరిగెత్తించి చంపుకున్నది నేనొక్కడినే కాదనుకుంటా. అతన్ని కదపకుండా, అతని మీద పడ్డవాడిని కింద పడేయడమో గుడ్డివాణ్ణి చేయడమో నయం. ఈ తలుపు చిట్కా పనిచేయని మొదటి చోటు గిల్డెడ్ వేల్‌లోని ఎయోతాస్ అనే దేవుడి గుడి కింది నేలమాళిగ. అక్కడి నీడ భూతాలు ఎడేర్‌ని లెక్కచేయకుండా మాయమై నేరుగా వెనకున్న మాంత్రికుడి పక్కన తేలతాయి. అక్కడ అందరినీ గుంపుగా, గోడకి ఆనించి నిలబెట్టండి.

మంత్రం వేసేముందు నేలమీద కనిపించే వృత్తం రంగు చూడండి. ఎరుపు భాగంలో మీవాళ్లుంటే వాళ్లూ మాడిపోతారు. దాని అంచున పసుపు రంగు మేర ఉంటే అది ఇంటెలెక్ట్ వల్ల వచ్చిన అదనం, అక్కడ శత్రువులకి మాత్రమే తగులుతుంది. కాబట్టి మంటని ఎడేర్ వీపు వెనకనుంచి కాకుండా కాస్త పక్కనుంచి వేయాలి.

“నా దెబ్బలేవీ తగలట్లేదు” అనిపించినప్పుడు స్క్రీన్ మూలనున్న యుద్ధం చిట్టా మీద మౌస్ పెట్టండి, లెక్కంతా విప్పి చూపిస్తుంది. నేను రెండుసార్లు ఓడిపోయింది ఈ చిట్టా చదవకే. లెక్క ఇది: 1 నుంచి 100 లోపు ఒక అంకె పడుతుంది, దానికి మీ యాక్యురసీ (గురి) కలిపి శత్రువు రక్షణని తీసేస్తారు. వచ్చింది 15 లోపు అయితే దెబ్బ తప్పిపోయినట్టు, 16 నుంచి 50 అయితే రాసుకుపోయినట్టు, అంటే సగం దెబ్బే. 50 దాటితే పూర్తి దెబ్బ, 100 దాటితే గట్టి దెబ్బ. మీ యాక్యురసీ 40, వాడి రక్షణ 60 అనుకోండి, ప్రతిసారీ 20 తగ్గుతుంది. అంటే నూటికి 35 సార్లు దెబ్బ తప్పిపోతుంది, ఇంకో 35 సార్లు రాసుకుపోతుంది, సరిగ్గా తగిలేది 30 సార్లే. అలాంటప్పుడు అదే దెబ్బ మళ్లీ మళ్లీ కొట్టి లాభం లేదు. రక్షణలు నాలుగు రకాలు, డిఫ్లెక్షన్ (దెబ్బని పక్కకి తప్పించడం), ఫార్టిట్యూడ్ (ఒంటి గట్టిదనం), రిఫ్లెక్స్ (చురుకుదనం), విల్ (మనోబలం). కత్తి ఎక్కువగా డిఫ్లెక్షన్‌తోనే తలపడుతుంది, మంత్రాల్లో చాలావాటికి మిగతా మూడింట్లో ఏదో ఒకటి ఎదురవుతుంది. బలంగా ఉన్నవాడి విల్ బలహీనంగా ఉండొచ్చు, అక్కడ కొట్టండి. ముందు పడేయాలి, తర్వాత పొడవాలి, ఈ వరుస తప్పొద్దు.

తగిలినా నొప్పి పుట్టట్లేదంటే అది కవచం గొడవ. ప్రతి దెబ్బలోంచి కవచం కొంత మింగేస్తుంది, అందుకే చిన్న కత్తితో టకటకా పది పోట్లు పొడిచినా మందపాటి కవచం వాడికి చీమ కుట్టినట్టుంటుంది. అలాంటివాడి కోసం గద లాంటి మేస్ గానీ, పొడవడానికి పనికొచ్చే పొడవాటి కత్తి ఎస్టాక్ గానీ ఒకరి దగ్గర రెండో ఆయుధంగా పెట్టి ఉంచండి.

ప్రాణం సంగతిలో కొత్తవాళ్లని తికమక పెట్టేది, ఇందులో రెండు లెక్కలుంటాయి. ఎండ్యూరెన్స్ యుద్ధం అవగానే నిండిపోతుంది. హెల్త్ నిండదు, నిద్రపోతేనే వస్తుంది. యుద్ధం గెలిచాం కదా అని ముందుకు పోతూ ఉంటే మూడో యుద్ధంలో ఎడేర్ లేవడు. నిద్రకి సామాను కావాలి, నార్మల్‌లో నాలుగు మాత్రమే మోయనిస్తారు, హార్డ్‌లో రెండే. కాబట్టి ఒక్కో యుద్ధానికీ తిరిగొచ్చే శక్తులని దాచుకోకుండా వాడేయండి, నిద్రపోతేగానీ రాని వాటిని గట్టి శత్రువు కోసం ఉంచండి. ఊళ్లో ఉంటే సత్రంలో పడుకోండి, మంచి గదికి తాత్కాలికంగా గుణాలు కూడా పెరుగుతాయి.

ఇంకో పెద్ద ఊరట, శత్రువుని చంపినందుకు ఇక్కడ లెవెల్ పెంచే పాయింట్లు దాదాపు రావు. కొత్త రకం జంతువు గురించి తెలుసుకున్నంతవరకు కొంచెం వస్తాయి, ఆ తర్వాత సున్నా. పాయింట్లు వచ్చేది పనులు పూర్తిచేస్తే. కాబట్టి నక్కి నక్కి పక్కనుంచి పోవడం పిరికితనం అనుకోకండి. దొరికిన సామానంతా ఏరుకోండి, స్టాష్‌కి, అంటే సామాను దాచే సంచికి, హద్దు లేదు. తాళాలూ ఉచ్చులూ చూసుకునే మెకానిక్స్ ఒక్కడికే పెంచండి, అథ్లెటిక్స్ మాత్రం అందరికీ కాస్త కాస్త.

ఇక బంగారు రంగు పేర్లు. ఊళ్లలో కొందరి పేరు బంగారు రంగులో మెరుస్తుంది, నొక్కితే వాళ్ల ఆత్మలోకి తొంగిచూసి ఒక పేరా కథ వస్తుంది. వాళ్లకీ అసలు కథకీ ఏ సంబంధమూ లేదు, కిక్‌స్టార్టర్‌లో ఎక్కువ డబ్బిచ్చినవాళ్ల గుర్తుగా పెట్టినవి. ఏదో రహస్యం దాగుందని ఒక సాయంత్రమంతా నోట్‌బుక్‌లో రాసుకుంటూ చదివాను. మీరు చదవకండి. మిగతావాళ్ల మాటలు మాత్రం చదవండి. ఇంగ్లిష్ చాలా ఎక్కువ, కొంత పాతకాలపు ఇంగ్లిష్, దేవుళ్ల పేర్లూ దేశాల పేర్లూ మొదటి రెండు గంటలూ తలకెక్కవు. ఎక్కకపోయినా ఫర్వాలేదు, వినపడగా వినపడగా అవే గుర్తుంటాయి.

ఇంత చెప్పినా ఈ ఆపి ఆడే పద్ధతి ఒంటికి పడకపోతే బలవంతం లేదు. దీని రెండో భాగం డెడ్‌ఫైర్‌కి 2019లో వంతులవారీ పద్ధతి కలిపారు. పాత్‌ఫైండర్: రాత్ ఆఫ్ ది రైటియస్ అనే ఇంకో ఆటలో ఒకే యుద్ధంలో అటూ ఇటూ మారొచ్చు, కానీ నియమాల బరువు దీనికి రెండింతలు. యుద్ధమే వద్దంటే డిస్కో ఎలీసియం అనే ఆట ఉంది.

ఎలుగుబంటి దగ్గరికి మళ్లీ వెళ్లేది ఎడేర్, ఆలోత్, డ్యూరాన్స్ చేరాక, మూడో లెవెల్ వచ్చాక. గుహ బయటే సేవ్ చేసుకోండి. ఎడేర్ ఒక్కడినే ముందుకు పంపి, అది అతని మీదికి వచ్చేదాకా మిగతావాళ్లని కదపకండి. అది అతన్ని పట్టుకోగానే స్పేస్ నొక్కండి. ఆలోత్ మంత్రాల పుస్తకంలో చిల్ ఫాగ్ ఉంటే ఎలుగు వెనక భాగం మీద పడేలా, ఎడేర్‌కి తగలకుండా వేయండి, దానికి కళ్లు కనిపించవు. డ్యూరాన్స్‌కి వైద్యం పని, మీరు దూరంనుంచి విల్లు. స్పేస్ వదలండి, రెండు సెకన్లు, మళ్లీ స్పేస్. నాకు పదిహేను పదహారుసార్లు ఆపాల్సి వచ్చింది, చివరికి ఎడేర్‌కి ఇంకొక్క దెబ్బంత ప్రాణం మిగిలి ఉండగా అది పడిపోయింది.